ఆర్మూర్ ప్రాంత పరిపాలనా విభాగాలు – గోదావరి, పురపాలిక, పసుపు పంట: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూర్ ఏకకాలంలో పురపాలిక, మండల కేంద్రం, రెవెన్యూ డివిజన్ కేంద్రం, శాసనసభ నియోజకవర్గ కేంద్రం. ఈ నాలుగు విభాగాల హద్దులు ఒకదానితో ఒకటి సరిపోలవు. వాటికి తోడు ఈ ప్రాంత జీవికకు ఆధారమైన గోదావరి, పసుపు పంట ఈ హద్దులలో దేనికీ లోబడవు. ఒక్కొక్క విభాగం ఏ అవసరం కోసం ఏర్పడింది, దాని అధికారం ఎంతవరకు, హద్దులు కలవని చోట బాధ్యత ఏమవుతుంది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపు రైతులు పెద్దసంఖ్యలో నామినేషన్లు వేసిన ఘటనను పరిపాలనా భూగోళం దృష్టితో వివరించడం ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

కీలకపదాలు: ఆర్మూర్, రెవెన్యూ డివిజన్, మండలం, పురపాలిక, జిల్లాల పునర్వ్యవస్థీకరణ, శ్రీరాంసాగర్, పసుపు బోర్డు, గ్రామాభివృద్ధి కమిటీ.

1. ఉపోద్ఘాతం

ఆర్మూర్ 44వ, 63వ జాతీయ రహదారులు కలిసే చోట ఉన్న పట్టణం. నవనాథ సిద్ధుల గుట్ట చెంత వెలసిన ఈ ఊరికి నవనాథపురం అనే పాతపేరు స్థానికంగా ప్రసిద్ధం. ఉత్తరాన గోదావరి, తూర్పున మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతం, నైరుతిన జిల్లా కేంద్రమైన నిజామాబాద్ ఉన్నాయి. పసుపు, ఎర్రజొన్న, మక్క, వరి ఈ ప్రాంతపు ముఖ్యమైన పంటలు. పట్టణంలో వ్యవసాయ మార్కెట్ కమిటీ ఉన్నప్పటికీ పసుపు క్రయవిక్రయాలు ప్రధానంగా నిజామాబాద్ మార్కెట్ యార్డులో జరుగుతాయి. కొందరు రైతులు మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు సైతం సరుకు తీసుకుపోతారు.

పరిపాలనా విభాగాలను స్థూలంగా నాలుగు రకాలుగా వర్గీకరించవచ్చు. మొదటివి రెవెన్యూ విభాగాలు: జిల్లా, డివిజన్, మండలం, గ్రామం. ఇవి రాష్ట్ర ప్రభుత్వ అధికారం కింది స్థాయికి చేరే మార్గాలు. రెండవవి స్థానిక స్వపరిపాలన విభాగాలు: జిల్లా ప్రజాపరిషత్తు, మండల ప్రజాపరిషత్తు, గ్రామపంచాయతీ, పురపాలిక. వీటిని ప్రజలు ఎన్నుకుంటారు. మూడవవి ప్రాతినిధ్య విభాగాలు: శాసనసభ, లోక్‌సభ నియోజకవర్గాలు. నాలుగవవి శాఖాపరమైన విభాగాలు: నీటిపారుదల సర్కిళ్లు, మార్కెట్ కమిటీల పరిధులు, పోలీసు సబ్ డివిజన్లు మొదలైనవి. సాధారణ సంభాషణలో ‘ఆర్మూర్’ అన్నప్పుడు ఈ నాలుగూ కలగలిసిపోతాయి. ఒక సమస్య పరిష్కారానికి ఏ కార్యాలయం మెట్లు ఎక్కాలన్న ప్రశ్న ఎదురైనప్పుడే వీటి మధ్య భేదం స్పష్టమవుతుంది.

2. చారిత్రక నేపథ్యం: జిల్లాబందీ నుంచి మండలం దాకా

హైదరాబాద్ సంస్థానంలో ప్రధానమంత్రి మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ విధానాన్ని ప్రవేశపెట్టాడు. అంతకు పూర్వం భూమిశిస్తు వసూలు గుత్తేదారుల చేతిలో ఉండేది. శిస్తు వసూలును ప్రభుత్వోద్యోగులకు అప్పగించడమే జిల్లాబందీ లక్ష్యం. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, ఆయన కింద డివిజన్లకు దోయం, సోయం తాలూక్‌దారులు, తాలూకాకు తహసీల్దారు, గ్రామంలో పటేల్, పట్వారీ అనే అంచెలు స్థిరపడ్డాయి. ఈనాటి కలెక్టరు, రెవెన్యూ డివిజనల్ అధికారి, తహసీల్దారు అనే వరుసకు మూలం ఈ ఏర్పాటులోనే ఉంది. రెవెన్యూ విభాగం పుట్టుకలోనే శిస్తు వసూలుకు అనువుగా రూపొందిన విభాగమన్న సంగతి తరువాతి చర్చకు అవసరం.

నేటి నిజామాబాద్ జిల్లాకు అప్పటి పేరు ఇందూరు. 1905 వరకు గోదావరి ఉత్తరతీరంలోని నిర్మల్, నర్సాపూర్ తాలూకాలు కూడా ఈ జిల్లాలోనే ఉండేవి. ఆ సంవత్సరం జరిగిన మార్పులలో అవి ఆదిలాబాద్ జిల్లాలో చేరాయి. ఇందూరు జిల్లాకు నిజామాబాద్ అనే పేరు వచ్చింది. అంటే గోదావరి ఈ జిల్లాకు ఉత్తరపు హద్దు కావడం ఇరవయ్యవ శతాబ్దపు పరిణామం. అంతకు ముందు నది జిల్లా మధ్యగా ప్రవహించేది. నదులు సహజమైన సరిహద్దులన్న అభిప్రాయాన్ని ఈ ఉదాహరణ నేపథ్యంలో పునరాలోచించవలసి ఉంటుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా తాలూకా వ్యవస్థ కొనసాగింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. దీనితో రెవెన్యూ పనికి తాలూకా, అభివృద్ధి పనికి సమితి అనే ద్వంద్వ విభజన ఏర్పడింది. 1984లో పటేల్, పట్వారీ వంటి వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను, ఫిర్కాలను తొలగించి మండలాలను ఏర్పాటుచేసింది. ఈ ప్రాంతంలో ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్, వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, నందిపేట, జక్రాన్‌పల్లి మొదలైనవి మండల కేంద్రాలయ్యాయి. ప్రజలు ఒక రోజులో వెళ్లి, పని ముగించుకుని తిరిగి రాగలిగేంత దగ్గరలో ప్రభుత్వ కార్యాలయం ఉండాలన్నది మండల వ్యవస్థ వెనుక ఉన్న ఆలోచన. రెవెన్యూ మండలం, మండల ప్రజాపరిషత్తు ఒకే హద్దులో ఉండడం దాని మరొక ప్రయోజనం. అయితే పట్టణాల విషయంలో ఈ ఏకత్వం నిలవలేదు.

3. 2016 పునర్వ్యవస్థీకరణ

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం పది జిల్లాలతో ఏర్పడింది. జిల్లాల ఏర్పాటుకు సంబంధించిన 1974 నాటి చట్టం ఆధారంగా 2016 అక్టోబర్ 11న ఆ సంఖ్య 31కి పెరిగింది. 2019లో ములుగు, నారాయణపేట జిల్లాలు చేరడంతో 33 అయింది. 2016లోనే నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి విడిపోయింది. నదికి ఆవలి వైపున నిర్మల్, తూర్పున జగిత్యాల కొత్త జిల్లాలయ్యాయి.

అప్పటివరకు ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో నిజామాబాద్, బోధన్, కామారెడ్డి అనే మూడు రెవెన్యూ డివిజన్లు ఉండేవి. పునర్వ్యవస్థీకరణలో ఆర్మూర్ కొత్త డివిజన్‌గా అవతరించింది. పాత మండలాలతో పాటు మెండోరా, ముప్కాల్, ఏర్గట్ల అనే కొత్త మండలాలు కూడా దీని పరిధిలోకి వచ్చాయి.

రెవెన్యూ డివిజన్ ప్రాముఖ్యం తరచుగా గుర్తింపు పొందదు. దానికి ఎన్నికైన సభ ఉండదు. సొంత పన్ను ఉండదు. అయినా భూసేకరణ, భూవివాదాలలో అప్పీళ్లు, ఎన్నికల నిర్వహణ వంటి పనులలో డివిజనల్ అధికారి నిర్ణయం కీలకమైనది. 2020 నాటి పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం రెవెన్యూ కోర్టులను తొలగించి, ధరణి వేదిక ద్వారా తహసీల్దారుకే రిజిస్ట్రేషన్ అధికారం ఇచ్చింది. ఫలితంగా పాస్‌పుస్తకంలో తప్పు దొర్లితే అప్పీలుకు దగ్గరి అంచె లేకుండా పోయింది. 2025లో అమలులోకి వచ్చిన భూభారతి చట్టం తహసీల్దారు ఉత్తర్వుపై రెవెన్యూ డివిజనల్ అధికారికి, ఆయన ఉత్తర్వుపై కలెక్టరుకు అప్పీలు చేసుకునే మార్గాన్ని పునరుద్ధరించింది. ఏర్గట్ల రైతుకు అప్పీలు కార్యాలయం ఆర్మూర్‌లో ఉండడానికీ నిజామాబాద్‌లో ఉండడానికీ మధ్య గల తేడా ప్రయాణ ఖర్చుతోను, పోగొట్టుకునే పని దినాలతోను కొలవదగినది. కొత్త డివిజన్ వల్ల కలిగిన ప్రయోజనాన్ని అంచనా వేయడానికి ఇదే సరైన కొలమానం.

4. మండలంలో ఉండి మండల పరిషత్తులో లేని పట్టణం

ఆర్మూర్ 2006లో గ్రామపంచాయతీ స్థాయి నుంచి పురపాలికగా మారింది. తరువాత పెర్కిట్, మామిడిపల్లి వంటి పొరుగు గ్రామాలు అందులో విలీనమయ్యాయి. 2020 ఎన్నికల నాటికి పట్టణంలో 36 వార్డులు ఉన్నాయి. 2018లో ఇదే డివిజన్‌లోని భీమ్‌గల్ కూడా పురపాలిక అయింది.

ఒక ప్రాంతాన్ని పట్టణంగా గుర్తించడానికి రాజ్యాంగంలోని 243క్యూ అధికరణం జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు సమకూరే ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాముఖ్యం వంటి ప్రాతిపదికలను పేర్కొంటుంది. ఆర్మూర్‌లో వ్యాపారం, రవాణా, విద్యాసంస్థలు విస్తరించాయి. అదే సమయంలో విలీన గ్రామాలలో పసుపు పొలాలు, ఉడికించిన కొమ్ములను ఆరబోసే కళ్లాలు కూడా ఉన్నాయి. చట్టం దృష్టిలో ఆ రైతు పట్టణవాసి. జీవనం దృష్టిలో గ్రామీణుడు.

ఈ మార్పు కేవలం పేరుకు పరిమితం కాదు. విలీనంతో సర్పంచి పదవి, గ్రామసభ రద్దవుతాయి. మండల, జిల్లా పరిషత్తు ప్రాదేశిక సభ్యులను ఎన్నుకునే ఓటు పోతుంది. గ్రామీణ ఉపాధి హామీ పథకం పురపాలిక పరిధిలో వర్తించదు కాబట్టి వ్యవసాయ కూలీలు ఆ పనిని కోల్పోతారు. బదులుగా వార్డు సభ్యుడు, పురపాలిక నిధులు, తాగునీరు, వీధిదీపాలు, పారిశుద్ధ్యం వంటి సేవలపై హక్కు లభిస్తాయి. లాభనష్టాలు అందరికీ ఒకే రీతిలో పంచబడవు. రహదారి పక్కన స్థలం ఉన్నవారికి భూమి విలువ పెరుగుతుంది. కూలిపై ఆధారపడినవారికి ఏటా కొన్ని రోజుల పని తగ్గుతుంది.

రెవెన్యూ లెక్కలో పట్టణం ఆర్మూర్ మండలంలో భాగంగానే ఉంటుంది. అంటే తహసీల్దారు పరిధి పట్టణానికీ గ్రామాలకూ విస్తరిస్తుంది. మండల ప్రజాపరిషత్తు పరిధి గ్రామాలకే పరిమితం. ఒకే కూడలి చుట్టూ ఉన్న ఈ రెండు కార్యాలయాల పటాలు వేరు. పట్టణపు మురుగునీరు పొరుగు గ్రామపు చెరువులో చేరితే పురపాలిక కమిషనరు, గ్రామపంచాయతీ ఇద్దరూ తమ తమ హద్దుల లోపలే వ్యవహరించగలుగుతారు. ఇటువంటి ఉమ్మడి విషయాల కోసమే రాజ్యాంగంలోని 243జెడ్‌డి అధికరణం జిల్లా ప్రణాళికా కమిటీని నిర్దేశించింది. పంచాయతీలు, పురపాలికల ప్రణాళికలను ఏకీకృతం చేయడం, నీటివనరుల పంపకం వంటి ఉమ్మడి ప్రయోజనాలను పరిగణించడం దాని విధులు. ఈ కమిటీ ఎంత క్రియాశీలంగా ఉంటే పట్టణానికీ పల్లెకూ మధ్య ఏర్పడిన ఖాళీ అంత తగ్గుతుంది.

5. నది అడిగే హద్దులు

గోదావరి నిజామాబాద్ జిల్లాలోని కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. ఆర్మూర్ డివిజన్‌లోని నందిపేట, మెండోరా తదితర మండలాలు నదీతీరంలో ఉన్నాయి. పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జులై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఈ జలాశయపు పూర్తిస్థాయి నీటిమట్టం 1091 అడుగులు. ఆనకట్టకు 42 గేట్లు ఉన్నాయి. ప్రాజెక్టు ఉన్న ప్రదేశం 2016 వరకు బాల్కొండ మండలంలోను, తరువాత మెండోరా మండలంలోను ఉంది. ఆనకట్ట కదలలేదు, దానిపై అధికారం గల తహసీల్దారు మాత్రం మారారు.

జలాశయం కుడివైపున నిజామాబాద్ జిల్లా, ఎడమవైపున నిర్మల్ జిల్లా ఉన్నాయి. కాకతీయ, లక్ష్మి కాలువలు కుడివైపు భూములకు, సరస్వతి కాలువ నిర్మల్ వైపు భూములకు నీరందిస్తాయి. 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ ఆర్మూర్ డివిజన్‌లో మొదలై అనేక జిల్లాల మీదుగా సాగుతుంది. వరదకాలంలో గేట్లు ఎత్తితే రెండు జిల్లాల కలెక్టర్లూ ఒకేసారి అప్రమత్తం కావలసి ఉంటుంది. కాబట్టి నీటిపారుదల శాఖ తన సర్కిళ్లను, డివిజన్లను రెవెన్యూ హద్దులను అనుసరించి కాక కాలువలను, ఆయకట్టును అనుసరించి రూపొందించుకుంటుంది. ‘డివిజన్’ అనే మాట రెవెన్యూ శాఖలోను, నీటిపారుదల శాఖలోను వేరువేరు ప్రాంతాలను సూచించడానికి కారణం ఇదే.

నదికి ఎగువన ఈ సమస్య రాష్ట్రాల స్థాయికి పెరుగుతుంది. శ్రీరాంసాగర్ వెనుకజలాల ప్రాంతంలో మహారాష్ట్ర నిర్మించిన బాబ్లీ బ్యారేజీపై వివాదాన్ని సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న పరిష్కరించింది. ఏటా జులై 1 నుంచి అక్టోబర్ 28 వరకు బాబ్లీ గేట్లు తెరిచి ఉంచాలని, మార్చి 1న 0.6 టీఎంసీల నీటిని దిగువకు వదలాలని, దీనిని త్రిసభ్య కమిటీ పర్యవేక్షించాలని ఆదేశించింది. ఆర్మూర్ రైతు పొలానికి నీరు చేరడంలో తహసీల్దారు, కలెక్టరు, రాష్ట్ర ప్రభుత్వం దాటి ఒక అంతర్రాష్ట్ర కమిటీ పాత్ర కూడా ఉందని దీనినిబట్టి తెలుస్తుంది. ఏ హద్దు లోపల సమస్య పూర్తిగా ఇముడుతుందో ఆ హద్దుకు తగిన సంస్థను ఏర్పాటు చేయడం సాధ్యమేనని కూడా ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

6. పసుపు: కార్యాలయం లేని సమస్య

పసుపు తొలకరిలో నాటి, ఎనిమిది తొమ్మిది నెలలు పెంచి, తవ్వి, ఉడికించి, ఆరబెట్టి, మెరుగుపెట్టి అమ్మే పంట. పెట్టుబడి అధికం, ధర పడిపోతే నష్టం కూడా అదే స్థాయిలో ఉంటుంది. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు. ధర పతనమైనప్పుడు రైతు ఎవరిని అడగాలన్న ప్రశ్నకు పరిపాలనా వ్యవస్థ ఇచ్చే సమాధానం క్లిష్టమైనది.

రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు ప్రకారం వ్యవసాయం, మార్కెట్లు రాష్ట్ర జాబితాలోను, విదేశీ వాణిజ్యం కేంద్ర జాబితాలోను ఉన్నాయి. మార్కెట్ యార్డు 1966 నాటి రాష్ట్ర మార్కెట్ల చట్టం కింద పనిచేస్తుంది. సుగంధద్రవ్యాల ఎగుమతులను చూసే స్పైసెస్ బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ పరిధిలోది. మార్కెట్ జోక్యం పథకం కింద కొనుగోలు జరగాలంటే రాష్ట్రం ప్రతిపాదించాలి, కేంద్రం ఆమోదించాలి. ఆర్మూర్‌లోని డివిజనల్ అధికారికి, పురపాలికకు, మండల పరిషత్తుకు ఈ విషయంలో నిర్ణయాధికారం లేదు. 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు మద్దతు ధర కోరుతూ మామిడిపల్లి చౌరస్తాలో జాతీయ రహదారిపై బైఠాయించినప్పుడు స్థానిక యంత్రాంగం చేయగలిగింది శాంతిభద్రతల పరిరక్షణ వరకే. డిమాండు ధర గురించి; అందుబాటులో ఉన్న అధికారం నిషేధాజ్ఞల గురించి.

దీనికి తోడు పసుపు పండే ప్రాంతం రెవెన్యూ హద్దును గుర్తించదు. ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాలు నిజామాబాద్ జిల్లాలో ఉండగా, వాటిని ఆనుకుని అదే పంట పండించే మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాలు జగిత్యాల జిల్లాలో ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపే రెవెన్యూ విభాగం లేదు; కలిపే స్థానిక సంస్థ కూడా లేదు. అయితే 2008 నియోజకవర్గాల పునర్విభజనలో రూపొందిన నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఆర్మూర్, బోధన్, నిజామాబాద్ అర్బన్, నిజామాబాద్ రూరల్, బాల్కొండలతో పాటు కోరుట్ల, జగిత్యాల శాసనసభ స్థానాలు కూడా ఉన్నాయి. 2016లో జిల్లాలు మారినా నియోజకవర్గాలు మారలేదు. బాన్సువాడ శాసనసభ స్థానం నిజామాబాద్, కామారెడ్డి జిల్లాలలో విస్తరించి ఉండడానికి కూడా కారణం ఇదే.

ఈ నేపథ్యంలో 2019 ఏప్రిల్ 11 నాటి లోక్‌సభ ఎన్నికను పరిశీలించాలి. నిజామాబాద్ స్థానంలో 185 మంది పోటీచేయగా వారిలో 170 మందికి పైగా రైతులు. ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లను అమర్చవలసి వచ్చింది. ఈ ఘటనను సాధారణంగా నిరసన రూపంగా మాత్రమే వివరిస్తారు. పరిపాలనా విభాగాల దృష్టితో చూస్తే మరొక కోణం కనిపిస్తుంది. గోదావరికి దక్షిణాన విస్తరించిన ఈ పసుపు ప్రాంతాన్ని దాదాపు పూర్తిగా ఇముడ్చుకున్న ఏకైక రాజకీయ విభాగం ఆ లోక్‌సభ స్థానమే. ఎగుమతులు, దిగుమతులు, బోర్డుల ఏర్పాటుపై నిర్ణయాధికారం ఉన్న కేంద్రానికి నేరుగా చేరే విభాగం కూడా అదే. రైతులు తమ సమస్య హద్దుకు సరిపోయే హద్దును ఎంచుకున్నారని చెప్పవచ్చు.

జాతీయ పసుపు బోర్డు ఏర్పాటును కేంద్రం 2023 అక్టోబర్ 4న నోటిఫై చేసింది. 2025 జనవరి 14న నిజామాబాద్ ప్రధానకేంద్రంగా బోర్డు ప్రారంభమైంది. పరిశోధన, విలువ జోడింపు, నాణ్యత, ఎగుమతుల వృద్ధి దాని లక్ష్యాలు. మద్దతు ధర నిర్ణయించడం, సరుకు కొనుగోలు చేయడం వాటిలో లేవు. బోర్డు పరిధి జాతీయం, కార్యాలయం స్థానికం. రైతు మొదట అడిగిన ధర హామీకి మాత్రం ఇంకా ఒక నిర్దిష్టమైన కార్యాలయం లేదు.

7. చట్టం గీయని హద్దు: గ్రామాభివృద్ధి కమిటీలు

అధికారిక విభాగాల నడుమ మిగిలిన ఖాళీలను అనధికారిక సంస్థలు భర్తీ చేయడం ఆర్మూర్ ప్రాంతపు ప్రత్యేకత. ఇక్కడి అనేక గ్రామాలలో గ్రామాభివృద్ధి కమిటీలు బలంగా ఉన్నాయి. కులసంఘాల ప్రతినిధులతో ఏర్పడే ఈ కమిటీలు గుడులు, బడులు, రోడ్లు, చెరువుల పనులకు నిధులు సమకూర్చడం, తగాదాలు తీర్చడం వంటి పనులు చేస్తాయి. పంచాయతీకి చాలినన్ని నిధులు లేని కాలంలో వాటివల్ల గ్రామాలకు మేలు జరిగిన సందర్భాలున్నాయి.

అయితే వీటికి 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంలో స్థానం లేదు. ఎన్నిక, రిజర్వేషన్, ఆడిట్, అప్పీలు అనే నాలుగు నియంత్రణలూ వీటికి వర్తించవు. జరిమానాలు విధించడం, మాట వినని కుటుంబాలను, కొన్ని సందర్భాలలో మొత్తం కులాలను సాంఘికంగా బహిష్కరించడం గురించిన ఫిర్యాదులు ఈ ప్రాంతం నుంచి పలుమార్లు వెలువడ్డాయి. పంచాయతీలో దళిత మహిళ సర్పంచిగా ఎన్నిక కావడానికి రిజర్వేషన్ వీలు కల్పిస్తుంది. కమిటీలో ఆమెకు స్థానం ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. కమిటీ నిర్ణయం పంచాయతీ తీర్మానాన్ని మించిపోయిన చోట రాజ్యాంగం కల్పించిన ప్రాతినిధ్యం అర్థం కోల్పోతుంది. స్థానిక పరిపాలనను అధ్యయనం చేసే పరిశోధకులు అధికారిక పటాలతో ఆగిపోకుండా ఈ హద్దును కూడా పరిగణనలోకి తీసుకోవలసి ఉంది.

8. ముగింపు

ఆర్మూర్ ఉదాహరణ నుంచి మూడు విషయాలు తేటతెల్లమవుతాయి. మొదటిది, రెవెన్యూ డివిజన్, పురపాలిక, నియోజకవర్గం వేరువేరు అవసరాల కోసం వేరువేరు కాలాలలో ఏర్పడినవి. వాటి హద్దులు కలవకపోవడం సహజం. రెండవది, కొత్త జిల్లా, కొత్త మండలం కార్యాలయాన్ని ప్రజలకు దగ్గర చేస్తాయి గాని, నిర్ణయాధికారం ఆ కార్యాలయానికి బదిలీ కానంతవరకు వాటి మేలు పరిమితమే. మూడవది, నదికీ పంటకూ సంబంధించిన సమస్యలకు ఏ ఒక్క జిల్లా పటమూ చాలదు.

గోదావరి విషయంలో రెండు రాష్ట్రాల మధ్య నిర్దిష్టమైన తేదీలతో, పర్యవేక్షక కమిటీతో ఒక ఏర్పాటు సాధ్యమైంది. పసుపు విషయంలో నిజామాబాద్, జగిత్యాల జిల్లాల రైతులు, మార్కెట్ కమిటీలు, రాష్ట్ర వ్యవసాయ శాఖ, పసుపు బోర్డు ఒకేచోట కూర్చుని ధర పతనానికి ముందే స్పందించే స్థాయీ వేదిక ఏర్పడవలసి ఉంది. పట్టణం, పల్లె ఉమ్మడి విషయాలలో జిల్లా ప్రణాళికా కమిటీని క్రియాశీలం చేయవలసి ఉంది. హద్దులను మళ్లీ మళ్లీ గీయడం కన్నా, ఇప్పటికే ఉన్న హద్దులకు అడ్డంగా పనిచేయగల సంస్థలను బలపరచడం ఆర్మూర్ వంటి ప్రాంతాలకు ఎక్కువ ప్రయోజనకరం.